మామూలు కార్ల పందేలు – మరుగుపడిన మైదానాలు

మన సుల్తానాబాద్ ప్రాంతంలో పందెం అనగానే మొదట జ్ఞప్తికి వచ్చేవి ఎడ్లబండ్లు. వారమంతా ఎరువు మోసిన బండినే, పొలం దున్నిన ఎడ్లనే పండుగ నాడు పందేనికి దించుతారు. ఆ ఒక్క పూటకు వాటి పని మారుతుంది, అంతే. అమెరికాలో స్టాక్ కారు పందెం పుట్టిన తీరు సరిగ్గా ఇటువంటిదే.

స్టాక్ అన్న మాట విని వాటాల విపణి అనుకొనే విద్యార్థులు ఉండవచ్చును. ఎరువుల దుకాణం ముందు "స్టాక్ లేదు" అని పలక వ్రేలాడదీస్తారే, ఆ స్టాకే ఇది; అనగా దుకాణంలో అమ్మకానికి నిలువ ఉన్న సరకు. పందెం కొరకు ప్రత్యేకంగా నిర్మించినది కాక, ఎవరైనా సొమ్ము చెల్లించి ఇంటికి తోలుకొని పోగల కారును స్టాక్ కారు అన్నారు. కాలక్రమాన ఆ కార్లు మామూలు కార్ల పోలికను పైపైన మాత్రమే నిలుపుకొన్నవి. పేరు మాత్రం మిగిలింది.

ఆ పందేనికి పురుడు పోసినవారిలో దొంగసారా రవాణాదారులు కూడా ఉన్నారన్నది దాచవలసిన సంగతి కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల కొండ పల్లెల్లో, మన గుడుంబా వలె, పన్ను ఎగవేసి సారా కాచేవారు. దానిని రాత్రివేళ పట్టణాలకు చేరవేసే కారు చూపులకు సాదాగా ఉండవలె, పోలీసు కారు కంటె వేగంగా పోవలె, బరువుకు వెనుకభాగం క్రుంగకుండా ఉండవలె. అందుకై ఇంజనుకు, స్ప్రింగులకు రహస్యంగా మరమ్మతు చేయించేవారు. ఎవరి కారు మేలైనదో తేల్చుకొనే వేడుక పొలాలలో, సంత మైదానాలలో మొదలైనది. ట్రాక్టరుతో గుండ్రంగా దున్ని చదును చేస్తే చాలు, అదే పందెపు బాట.

ఫ్లోరిడా రాష్ట్రంలోని డేటోనాలో సముద్రపుటొడ్డే బాట అయినది. 1936 నుండి అక్కడ మామూలు కార్లు సగం దూరం తడి ఇసుకమీద, మిగిలిన సగం దానిని ఆనుకొన్న రోడ్డుమీద పరుగెత్తినవి. పందెం ఏ గంటకు ఆరంభించాలన్నది సముద్రపు ఆటుపోట్లను బట్టి నిర్ణయించేవారు. ఆ ఊరిలోనే 1947 డిసెంబరులో బిల్ ఫ్రాన్స్ అనే నిర్వాహకుడు తోటి నిర్వాహకులను, డ్రైవర్లను ఒక హోటలులో సమావేశపరచినాడు. దాని ఫలితంగా 1948 ఫిబ్రవరిలో నాస్కార్ అనే సంస్థ ఏర్పడినది. అంతవరకు ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క నియమం ఉండేది. బహుమతి సొమ్ముతో రాత్రికి రాత్రి పరారయిన నిర్వాహకులు కూడా ఉన్నారు. కావున ఆ సంస్థ తెచ్చినది వేగం కాదు, లెక్క.

అయితే ఆ లెక్క మొదటి రోజే చిక్కులో పడినది. 1949 జూన్ 19న నార్త్ కరోలినాలోని షార్లెట్ స్పీడ్‌వేలో, ముప్పాతిక మైలు మట్టి బాటమీద, కేవలం కొత్త మామూలు కార్లకై ఏర్పాటయిన తొలి పందెం జరిగినది. ముప్పదిమూడు కార్లు, 200 చుట్లు. సారా క్రిస్టియన్ అనే మహిళ కూడా ఆనాడు కారు నడిపినది. మన విద్యార్థినులు ఈ పేరు గుర్తుంచుకోవచ్చును. మొదట వచ్చినవాడు గ్లెన్ డనవే. పందెం ముగిసిన పిదప పరీక్షకులు అతని కారును శోధించి వెనుక స్ప్రింగులను మార్చి ఉన్నట్లు కనుగొన్నారు. అది సారా మోసిన కారు! డనవేను తొలగించి, కాన్సాస్ నుండి వచ్చిన జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించినారు. కారు యజమాని న్యాయస్థానానికి వెళ్ళినాడు. దావా కొట్టివేయబడినది. సంస్థకు గల అధికారం ఆ తీర్పుతో స్థిరపడినది.

ఇక్కడ బాటల నిర్మాణం గురించి కొంత చెప్పవలసి ఉన్నది. మలుపులో కారు తిన్నగా పోజూస్తుంది. దానిని లోపలికి మళ్ళించే బలం చక్రాలకు, నేలకు నడుమ గల రాపిడి నుండి రావలె. వేగం రెట్టింపయితే కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది. మట్టిమీద ఆ రాపిడి తక్కువ. అందుచేత మట్టి బాటమీద నేర్పరి అయిన డ్రైవరు కారు వెనుకభాగాన్ని కావాలనే బయటికి జారనిచ్చి, స్టీరింగును కుడికి తిప్పి ఎడమకు మలుపు తిరిగేవాడు. వినుటకు వింతగా ఉన్నా ఇది నిజం. రెండవ ఉపాయం, మలుపువద్ద బాట వెలుపలి అంచును ఎత్తు చేయడం. అప్పుడు నేల తానే కారును లోపలికి నెడుతుంది. నుమాయిష్‌లో "మౌత్ కా కువా" చూచినవారికి దీనిని వివరించనక్కరలేదు. అక్కడ గోడ ఇంచుమించు నిలువుగా ఉంటుంది. 1959లో డేటోనా ఇసుక బాటకు బదులుగా కట్టిన తారు బాటలో మలుపుల వాలు 31 డిగ్రీలు.

ఆ కొత్త బాటమీద 1959 ఫిబ్రవరి 22న జరిగిన మొదటి 500 మైళ్ళ పందెంలో రేఖవద్దకు మూడు కార్లు ప్రక్కప్రక్కనే వచ్చినవి. అందులో ఒకటి చుట్టు వెనుకబడినది. జానీ బోషాంప్ గెలిచినాడని తొలుత ప్రకటించినారు. ఛాయాచిత్రాలు, వార్తాచిత్రాలు తెప్పించి పరిశీలించి మూడు రోజుల తరువాత లీ పెటీ గెలిచినాడన్నారు. కళ్ళెదుట జరిగిన దానిని తేల్చుటకు మూడు రోజులు!

ఇటువంటి పెద్ద తారు బాటలు వచ్చిన కొద్దీ పొలాలలోని మట్టి బాటలకు కాలం చెల్లినది. 1970 సెప్టెంబరు 30న ర్యాలీ నగరపు సంత మైదానంలో పందెం ముగిసిన తరువాత, నాస్కార్ ప్రధాన శ్రేణి మళ్ళీ మట్టిమీదకు దిగుటకు 2021 దాకా పట్టినది. నార్త్ కరోలినాలో ఈనో నది ప్రక్కన ఉన్న ఆకనీచీ స్పీడ్‌వేలో చివరి పందెం 1968లో జరిగినది. తరువాత ఆ బాటను అడవి ఆక్రమించినది. ఒకప్పుడు కార్లు దూసుకుపోయిన వలయంలో నేడు జనం చెట్ల నీడన వాహ్యాళికి పోతారు. 2002లో దానిని చారిత్రక స్థలాల జాతీయ పట్టికలో చేర్చినారు. అదృష్టం గల బాట! చాలావాటికి అడవి కూడా దక్కలేదు.

ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ అరమైలు మట్టి బాట కూడా మూతపడినదే. కాని దానిని గూర్చి తొందరపడి దాటిపోలేను. వెండెల్ స్కాట్ వర్జీనియా రాష్ట్రంలోని డాన్‌విల్‌కు చెందిన నల్లజాతి డ్రైవరు. టాక్సీ నడిపినాడు, యుద్ధకాలంలో సైన్యంలో మెకానిక్‌గా పనిచేసినాడు, సారా కూడా మోసినాడు. తెల్లవారి ఆటగా సాగుతున్న పందేలలోకి 1952లో ప్రవేశించినాడు. ఇతరులు వాడి విడిచిన కార్లు కొని తానే బాగు చేసుకొనేవాడు, కుమారులే సహాయకులు. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో 200 చుట్ల పందెంలో అతడు అందరికంటె ముందు దూరం పూర్తి చేసినాడు. గెలుపు జెండా మాత్రం ఊపలేదు. బక్ బేకర్ అనే మరొకరిని విజేతగా ప్రకటించి కప్పు అందజేసినారు.

ఆ రోజుల్లో చుట్లను చేతితోనే లెక్కించేవారు. ఒక్కొక్క కారుకు ఒక మనిషి కాగితం పట్టుకొని కూర్చొని, తన కారు రేఖ దాటినప్పుడల్లా గుర్తు వేయవలె. స్కాట్ అభ్యంతరం చెప్పగా కాగితాలు తిరిగి చూచినారు. జనమంతా వెళ్ళిపోయిన తరువాత, అతడు రెండు చుట్ల ఆధిక్యంతో గెలిచినట్లు ఒప్పుకొన్నారు. లెక్క పొరపాటన్నారు. సొమ్ము ఇచ్చినారు, అసలు కప్పు ఇవ్వలేదు. విజేతను అందాల రాణి ముద్దాడే ఆచారం ఉండేది. తెల్లజాతి యువతి నల్లజాతివానిని జనం ముందు ముద్దాడవలసి వస్తుందనే ఇట్లు చేసినారని అనేకులు భావించినారు. పొరపాటు కాగితంమీద జరిగినదా, మనసులోనా అన్న సందేహం నాకు తీరలేదు. స్కాట్ 1990లో మరణించినాడు. 2015లో అతని పేరును గౌరవ మందిరంలో చేర్చినారు. ఆ కప్పుకు మారుగా ఒక కప్పును అతని కుటుంబానికి అందించినది 2021 ఆగస్టులో. యాభై ఏడేండ్లు దాటిన తరువాత!

ఈ వృత్తాంతం చదివినప్పుడల్లా నాకు ఒక సంగతి ముల్లు వలె గుచ్చుకొంటుంది. విద్యార్థి దశలో ఒక క్రీడోత్సవం నాడు సైకిలు పందేనికి నన్ను చుట్లు లెక్కించుటకు నియమించినారు. ఇరవై చుట్లు. నడుమ ఎవరితోనో మాటలలో పడి ఒక బాలునికి ఒక చుట్టు తక్కువ వేసినాను. అతడు ఇరవై పూర్తి చేసి దిగబోతుంటే "ఇంకొకటి ఉన్నది" అని కేక వేసినాను. ఏమీ అనకుండా మళ్ళీ త్రొక్కినాడు, మూడవవాడుగా వచ్చినాడు. ఆ రాత్రి కాగితం చూచుకొంటే గాని నా తప్పు నాకు తెలియలేదు. మరునాడు ఎవరికైనా చెప్పి ఉండవలసినది. చెప్పలేదు.

మన దేశంలో ఇట్టి మామూలు కార్ల పందేలకు ప్రసిద్ధికెక్కిన స్థలం షోలవరం. మద్రాసు నుండి నెల్లూరు వైపు పోయే దారిలో ఉన్న ఆ ఊరివద్ద రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాల కొరకు వేసిన బాట యుద్ధానంతరం ఖాళీగా మిగిలినది. 1953లో స్థాపితమైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దానిమీద పందేలు జరిపినది. ఇది కట్టిన బాట కాదు, అరువు తెచ్చుకొన్న నేల. విమానాలకు వాలు మలుపులతో పని లేదు. అందుచేత అక్కడ పొడవైన తిన్నని పరుగు, వెంటనే వాలు లేని మలుపు, బ్రేకులకు కఠిన పరీక్ష. అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు అక్కడ పరుగెత్తినవి. నిన్న కచేరీకి పోయిన కారే నేడు పందెంలో! విదేశాల నుండి తెచ్చిన పందెపు కార్లు కూడా వచ్చేవి గాని, తమ ఇంటి కారు వంటిది గెలిస్తే కలిగే సంతోషం వేరు.

కోయంబత్తూరు తెలుగు నాయుడు కుటుంబాలకు ఈ చరిత్రలో పెద్ద చోటు ఉన్నది. లక్ష్మీ మిల్లుల కుటుంబానికి చెందిన కరివర్ధన్ షోలవరంలో పేరు తెచ్చుకొన్నాడు. మారుతి 800 కారు ఇంజనుతో తక్కువ ఖర్చున పందెపు కార్లు తయారు చేయించి కొత్తవారికి దారి చూపినాడు. 1995లో విమాన ప్రమాదంలో మరణించినాడు. కోయంబత్తూరువద్ద ఉన్న పందెపు బాట అతని పేరనే వెలసినది. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగట్టుకోట్టైలో క్లబ్బు సొంత బాట సిద్ధమైన తరువాత షోలవరం పందేలకు ప్రాముఖ్యం పోయినది.

అదే కోయంబత్తూరు నుండి వచ్చిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడని అందరికీ తెలుసు. అతడు 2010 మార్చిలో నాస్కార్ ట్రక్కుల శ్రేణిలో కూడా దిగినాడన్నది అంతగా తెలియదు. మార్టిన్స్‌విల్ బాటమీద తొలి ప్రయత్నంలో పదమూడవ స్థానం పొందినాడు. ఆ సంవత్సరం ఆ శ్రేణిలో అత్యంత ప్రజాదరణ గల డ్రైవరుగా ప్రేక్షకులు ఎన్నుకొన్నది అతనినే. ఆ మార్టిన్స్‌విల్ వెండెల్ స్కాట్ సొంతూరు డాన్‌విల్‌కు అతి చేరువలో ఉన్నది.

మన హైదరాబాదు సంగతి చెప్పకపోతే వ్యాసం అసంపూర్ణం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున నగర వీథులనే బాటగా మార్చి, విద్యుత్తుతో నడిచే ఫార్ములా ఇ కార్ల పందెం జరిపినారు. బాట నిడివి 2.83 కిలోమీటర్లు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచినాడు. 2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెం రద్దయినది. అడ్డుగోడలు తీసివేసినారు, బస్సులు, ఆటోలు ఎప్పటివలె తిరుగుతున్నవి. ఇప్పుడా కార్లకు చుట్లు లెక్కించేది మనిషి కాదు, కారులో అమర్చిన యంత్రం.

మన మైదానానికి ఆ యంత్రాలు రావు. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇంతే: ఈ యేటి సైకిలు పందెంలో ఒక్కొక్క పోటీదారుకు ఒకరు కాక ఇద్దరు లెక్కించేవారిని ఎదురెదురుగా కూర్చుండబెట్టండి. ఆ కాగితాలను పారవేయక గ్రంథాలయంలో ఉంచండి. ఆ ఇద్దరిలో ఒక స్థానం నాకు ఇవ్వగలిగితే, ఈసారి ఎవరితోనూ మాట్లాడను.