ఇన్‌స్ట్రక్షన్ పక్కనే డేటా

1964 ఏప్రిల్‌లో ఐబీఎం సిస్టమ్/360ని ప్రకటించిన రోజుల్లో అసెంబ్లర్‌లో రాసేవాళ్లకు వేగమంటే కూడికల లెక్క. ఏ మోడల్‌లో ఏ ఇన్‌స్ట్రక్షన్‌కి ఎంత సమయం పడుతుందో కంపెనీయే పట్టికలు అచ్చువేసి ఇచ్చేది. వాటిని కూడితే ప్రోగ్రాం ఎంతసేపు నడుస్తుందో దాదాపు తేలిపోయేది. ఆ లెక్కతో పెరిగిన తరం రాసిన కోడ్ ఇంకా నడుస్తూనే ఉంది, కింద యంత్రం మాత్రం అది కాదు. ఇప్పుడు ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు రాశామన్నదానికంటే అవి తాకే డేటా ఎక్కడుందన్నదే వేగాన్ని తేలుస్తుందని నా వాదన.

మార్పు 1968లో ప్రకటించిన 360 మోడల్ 85తో మొదలైంది. దాని ప్రాసెసర్ సైకిల్ 80 నానోసెకన్లు. ప్రధాన మెమరీకి దాదాపు ఒక మైక్రోసెకను కావాలి. పన్నెండింతల ఆ తేడాను పూడ్చడానికి మధ్యలో 16 కిలోబైట్ల వేగవంతమైన మెమరీ పెట్టారు. వ్యాపారానికి వచ్చిన కంప్యూటర్లలో క్యాష్ పుట్టింది అక్కడే. అప్పటినుంచి ఒకే లోడ్ ఇన్‌స్ట్రక్షన్‌కి ఒకే ధర లేకుండా పోయింది. 360 వారసత్వంలోని ఐబీఎం మెయిన్‌ఫ్రేం, 2010 నాటి జెడ్196, నడిచేది 5.2 గిగాహెర్ట్జ్‌తో. అందులో ఒక్క సైకిల్ గడిచేలోగా కాంతి సైతం ఆరు సెంటీమీటర్లు దాటదు. ప్రధాన మెమరీ దాకా వెళ్లి రావాలంటే వందల సైకిళ్లు.

అసలు చిక్కు పాత అలవాట్లలో ఉంది. 360లో ఒక బేస్ రిజిస్టర్ చేరగలిగేది 4096 బైట్ల వరకే. అందుకే కోడ్‌నీ, 72 బైట్ల సేవ్ ఏరియానీ, కౌంటర్లనూ పక్కపక్కనే పెట్టి ఒకే రిజిస్టర్‌తో గడిపేవారు. అప్పటికి అది ఎంతో తెలివైన పొదుపు. నేటి జెడ్ ప్రాసెసర్‌లో ఇన్‌స్ట్రక్షన్లకూ డేటాకూ వేర్వేరు క్యాష్‌లు, మెమరీ నుంచి వాటిలోకి వచ్చేది 256 బైట్ల లైన్ల చొప్పున. కోడ్ ఉన్న లైన్‌లోనే కౌంటర్‌ని మారిస్తే ఆ లైన్‌ని ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ వదులుకోవాలి, మళ్లీ తెచ్చుకోవాలి. పైగా ప్రోగ్రాం తన తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌ని తానే మార్చుకుంటే ఆ మార్పు అమల్లోకి రావాలని ఈ ఆర్కిటెక్చర్ మొదటినుంచీ మాటిచ్చింది. ఆ మాట కోసం పైప్‌లైన్ ముందుగా తెచ్చి డీకోడ్ చేసినదాన్ని పారేసుకోవాలి. మారింది కౌంటరే అయినా ఈ శిక్ష తప్పదు.

జెడ్196 నుంచి ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ల వరుస మార్చుకుని పనిచేస్తుంది కదా, ఈ బాధ ఇంకెక్కడిదని అడగవచ్చు. కొంతవరకు నిజమే. రిజిస్టర్‌లోకి అడ్రస్ తెచ్చిన వెంటనే దాన్ని వాడితే ముందటి జెడ్10 ఆగిపోయేది. జెడ్196 ఆ సందులో వేరే పని చూసుకుంటుంది. కానీ పారేయక తప్పని పనిని ఏ వరుసలో చేసినా లాభం లేదు. దీనికన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది: దశాబ్దాలుగా సరిగ్గా నడుస్తున్న కోడ్‌ని కదపడం ప్రమాదమని. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. అయితే ఇక్కడ తర్కాన్ని ముట్టుకోనక్కర్లేదు. మారే డేటాని, మెమరీని అడిగి తీసుకునే గెట్‌మెయిన్ మాక్రోతో వేరే చోటికి తరలించవచ్చు. మాక్రోల్లో పారామీటర్లను కోడ్ నుంచి విడదీసే లిస్ట్, ఎగ్జిక్యూట్ రూపాలు వాడవచ్చు. అదీ కుదరకపోతే కోడ్‌కీ మారే డేటాకీ మధ్య కనీసం 256 బైట్ల ఎడం ఉంచవచ్చు. అన్నిటినీ ఒకేసారి సవరించాల్సిన పని కూడా లేదు, కొన్నిటితో మొదలుపెట్టి ఫలితాన్ని కొలవవచ్చు. జెడ్10 నుంచి హార్డ్‌వేరే క్యాష్ మిస్‌లను లెక్కపెడుతోంది, సిస్టమ్ రాసిపెట్టే ఎస్‌ఎంఎఫ్ 113 రికార్డుల్లో ఆ అంకెలు చేరుతున్నాయి. సవరణకు ముందూ తర్వాతా ఆ అంకెలను పోల్చి చూస్తే, పడిన శ్రమకు ఫలితం దక్కిందో లేదో తెలిసిపోతుంది.