బిగింపు, కట్టుదిట్టం: ఒక సాంకేతిక భేదానికి తెలుగు మాటలు

ఉపోద్ఘాతం

ఔత్సాహికులు సొంతంగా నిర్మించుకొనే చిన్న విమానాల్లో ఎగ్జాస్ట్ గొట్టాన్ని ఇంజనుకు పట్టి ఉంచే నట్లు సడలితే ప్రాణాపాయం కలుగవచ్చు. ఈ విషయాన్ని తెలుగులో వివరించడానికి ‘బిగించడం’ అనే ఒక్క క్రియ చాలదని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

సమస్య స్వరూపం

సిలిండరు నుంచి వెలువడే వాయువుల వేడి సుమారు 700–800 డిగ్రీల సెల్సియస్. ప్రతి ప్రయాణంలోనూ లోహం వ్యాకోచించి, చల్లబడి సంకోచిస్తుంది. కంపనం దీనికి తోడై నట్టు క్రమంగా వదులవుతుంది. నైలాన్ వలయమున్న నట్టు సుమారు 120 డిగ్రీలు దాటితే నమ్మదగినది కాదు. కనుక పూర్తిగా లోహంతో చేసిన లాక్‌నట్లు వాడతారు. బోల్టు తలకు రంధ్రమున్నచోట తీగను మెలిపెట్టి, బిగుసుకొనే దిశకే లాగేటట్లు కడతారు. అతుకు సడలితే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరవచ్చు, మంటలు లేవవచ్చు. ప్రొపెల్లరు వెనుకనున్న విమానంలో ఊడిన నట్టు దాని రెక్కలనే తాకవచ్చు.

పదవిచారం

బెల్లం వ్యాపారానికి పేరొందిన అనకాపల్లి ప్రాంతంలో ఎడ్లబండి పరిచితమైనదే. ఇరుసు చివరి కడచీల చక్రాన్ని బిగించదు. బిగిస్తే చక్రం తిరగదు. చక్రం ఊడిపోకుండా కాస్తుంది, అంతే. తీగ కూడా బోల్టును బిగించదు. ముందే చేసిన బిగింపును నిలుపుతుంది.

ముగింపు

‘నట్టును గట్టిగా బిగించాలి’ అని మాత్రమే అనువదిస్తే, విద్యార్థి అతిగా బిగించి స్టడ్డును విరగ్గొట్టవచ్చు. తీగ కట్టడం మరవవచ్చు. కాబట్టి తగిన బలంతో తిప్పడాన్ని ‘బిగింపు’ అనీ, అది సడలకుండా కాచే ఏర్పాటును ‘కట్టుదిట్టం’ అనీ వేరుగా వ్యవహరించడం సముచితం.