బాన్సువాడలో ఎన్ని పొయ్యిలు?

బాన్సువాడ ఉన్న కామారెడ్డి జిల్లా జనాభా 9,72,625. ఈ అంకె 2011 జనగణనది. అప్పటికి ఈ జిల్లానే లేదు. బాన్సువాడ నిజామాబాద్ జిల్లాలో ఒక గ్రామ పంచాయతీ. 2016 అక్టోబరులో జిల్లా మారింది, 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. లెక్క మాత్రం ఇంకా అదే.

జిల్లా విస్తీర్ణం 3,652 చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు కిలోమీటరుకు 266 మంది. పట్టణాల్లో ఉండేవాళ్లు 13 శాతం కూడా లేరు. ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు 1,033 మంది ఆడవాళ్లు. తెలంగాణ మొత్తమ్మీద 988 మందే. జిల్లాలో మగవాళ్లకన్నా ఆడవాళ్లు సుమారు 16 వేలు ఎక్కువన్నమాట. దుబాయ్, మస్కట్ పోయిన మగవాళ్లు ఎందరో తెలిసిన ప్రాంతం కాబట్టి, ఇక్కడ ఈ అంకె ఎవరికీ వింతగా అనిపించదు.

ఈ నేలకు వలస కొత్త కాదు. 1931లో నిజాంసాగర్ ప్రాజెక్టు పూర్తయ్యాక, కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా రైతులు వచ్చి భూములు కొన్నారు. చుట్టుపక్కల ఊళ్ల పేర్ల చివర కనిపించే ‘క్యాంపు’ వాళ్లు నిలిచిన చోటే. అప్పట్లో మనుషులు వచ్చారు, తర్వాత ఇక్కడి కొడుకులు గల్ఫ్ బాట పట్టారు.

ఇక ఇళ్ల సంగతి. జనగణన కుటుంబాన్ని గుర్తించేది చుట్టరికంతో కాదు, పొయ్యితో. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. అన్నదమ్ములు వేరుపడి ఒకే పెంకుటింట్లో రెండు పొయ్యిలు పెడితే అవి రెండు కుటుంబాలే. 2011లో తెలంగాణలో కుటుంబానికి సగటున 4.2 మంది. 2024 చివర్లో జరిగిన ఇంటింటి కులగణనలో 1.12 కోట్ల కుటుంబాల్లో 3.54 కోట్ల మందిని నమోదు చేశారు, అంటే కుటుంబానికి 3.2. రెండు లెక్కల పద్ధతులు వేరు. అయినా పొయ్యిలు చీలుతున్న తీరు దాచినా దాగదు.

ఆ రెండు సగటులనూ జిల్లాకు వేసి చూడండి. జనం ఒక్కరూ పెరగలేదనుకున్నా, 2.3 లక్షల కుటుంబాలు 3 లక్షలు దాటుతాయి. 70 వేలకు పైగా కొత్త గడపలు! రాష్ట్ర ప్రభుత్వ ఇందిరమ్మ ఇళ్ల పథకం తొలి విడతలో నియోజకవర్గానికి ఇచ్చింది 3,500. అంతకుముందు 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు. రెండూ అవసరమైనవే. కానీ ఎక్కడ ఎన్ని కావాలో తేల్చడానికి పదిహేనేళ్ల నాటి లెక్క చాలదు. జనాభా పెరుగుదల తగ్గింది కాబట్టి ఇళ్ల కరువు తీరిందనడం పొరపాటు.

కొత్త జనగణన 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుగుతుంది. ఎన్యూమరేటర్ మీ గడప తొక్కినప్పుడు, రేకుల గదిలో వేరుగా వండుకుంటున్న కొడుకూ కోడలినీ మీ పొయ్యి కింద కలిపి చెప్పకండి. వాళ్లది వేరే కుటుంబమని రాయించండి.