సంఘాల దేశంలో తెలుగువారు

చందానగర్, మియాపూర్, కొండాపూర్ ప్రాంతాలలో కొడుకునో కూతురినో అమెరికాకు పంపిన ఇండ్లు వీధి వీధినా ఉన్నవి. అక్కడ ఆరు నెలలు ఉండి తిరిగివచ్చిన తల్లిదండ్రులను అడిగితే తరచు రెండు మాటలు చెప్పుతారు. వారమంతా పలుకరించే మనిషి కనబడడన్నది ఒకటి. శని, ఆదివారాలు వచ్చినవంటే గుడి, సంఘం, పిల్లల తెలుగుబడి అంటూ ఊపిరి సలుపదన్నది రెండవది. ఈ రెండింటికి పొత్తు కుదరదని మనకు తోస్తుంది. కాని రెండును ఒక్క వేరునుండి మొలచినవే. పుట్టుకతో వచ్చిన బంధుబలగము, ఊరి గుడి, తాతలనాటి ఇరుగుపొరుగు లేనిచోట మనిషికి తోడు కావలెనంటే తానే పోయి నలుగురితో కూడి సంఘం కట్టుకొనవలెను. అమెరికాకు వలసవచ్చినవారు తొలినుండి చేసిన పని అదే.

1620లో మేఫ్లవర్ అనే ఓడలో 102 మంది ఇంగ్లండు విడిచి వచ్చినారు. వారిలో పలువురు ఆ దేశపు రాజమతంతో సరిపడనివారు. ఒడ్డున దిగకముందే 41 మంది పురుషులు ఒక ఒడంబడికపై చేవ్రాళ్లు చేసి, తమకు కావలసిన కట్టుబాట్లు తామే చేసుకొని వాటికి లోబడుదుమని ఒప్పుకొన్నారు. ఇంతకు ఒక ఏడాది ముందు, 1619లో, వర్జీనియా తీరానికి మరొక ఓడ చేరినది. అందులో ఇరవైమందికి పైగా ఆఫ్రికావారిని బందీలుగా తెచ్చి అమ్మినారు. వారి సమ్మతిని అడిగినవారు లేరు. ఒడంబడికతో వచ్చిన ఓడను చెప్పి, అమ్మకానికి వచ్చిన ఓడను చెప్పక విడిచితే అమెరికా చరిత్ర సగమే చెప్పినట్లు. ఇక ఈ రెండు ఓడలకంటె ఎంతో ముందునుండి ఆ నేలపై ఉన్న ఆదివాసుల మాట ఏ ఒడంబడికలోను చేరలేదు.

1791లో రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ కేంద్ర ప్రభుత్వానికి అధికారమతం ఉండరాదన్నది. రాష్ట్రాలలో మిగిలిన కట్టుబాట్లు కూడ క్రమంగా తొలగినవి. మసాచుసెట్సులో అది 1833 నాటికి గాని జరుగలేదు. దీని ఫలితాన్ని మన దేశపు కన్నుతో చూడవలెను. మన గుడికి రాజు మాన్యమిచ్చినాడు. అర్చకత్వం వంశపారంపర్యంగా వచ్చినది. భక్తుడు దర్శనం చేసుకొని పోతాడేగాని, ఆ గుడికి తాను ‘సభ్యుడను’ అనుకొనడు. అమెరికాలో మాన్యమిచ్చే రాజు లేడు. చర్చి కావలెనన్నవారు చందాలు వేసుకొని, కార్యవర్గాన్ని ఎన్నుకొని, జమాఖర్చులు వ్రాసి, బోధకునికి జీతమిచ్చి నడుపుకొనవలెను. అభిప్రాయభేదం వచ్చినవారు పక్కవీధికి పోయి మరొకటి కట్టుకొంటారు. ఈ అలవాటు దైవకార్యంతో ఆగలేదు. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1731లో గ్రంథాలయాన్ని, 1736లో అగ్నిమాపక దళాన్ని ఇట్లే సభ్యులను కూర్చి నెలకొల్పినాడు. 1831లో ఆ దేశం చూడవచ్చిన ఫ్రెంచివాడు టోక్‌విల్, చిన్న పనికిగాని పెద్ద పనికిగాని అమెరికావారు సంఘం కడుతున్నారని ఆశ్చర్యపోయినాడు.

ఈ అలవాటును అందరికంటె గొప్పగా వాడుకొన్నవారు మాత్రం, నా తలపున, బానిసల సంతతివారు. తెల్లవారి చర్చిలో తమకు గౌరవం దొరకనందున రిచర్డ్ అలెన్ 1794లో ఫిలడెల్ఫియాలో నల్లవారికి వేరే చర్చిని నెలకొల్పినాడు. నల్లవారికి పాఠశాల, సభాస్థలి, ఆపత్కాలపు అండ అన్నియు చర్చియే అయినది. 1955 డిసెంబరులో మాంట్‌గోమరీ పట్టణంలో బస్సులలో నల్లవారిని వెనుకకు పొమ్మనే నియమంపై బహిష్కారం ఆరంభమైనప్పుడు, చర్చిలలోనే సభలు జరిగినవి. కార్లున్నవారు లేనివారిని పనులకు చేరవేసినారు. 381 దినాలు బస్సు ఎక్కకుండ నిలబడినారు. వారి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరి చర్చిలో బోధకుడు. ఆ ఉద్యమం పెరిగి పెరిగి 1964లో పౌరహక్కుల చట్టాన్ని, 1965లో ఓటుహక్కు చట్టాన్ని తెచ్చినది.

ఆ 1965లోనే అక్టోబరు 3వ తేదీన, స్వాతంత్ర్యదేవత విగ్రహం పాదాలచెంత, అధ్యక్షుడు జాన్సన్ మరొక చట్టంపై సంతకం చేసినాడు. అది వలసల చట్టం. దేశంలో రంగును బట్టి పౌరులను వేరుచేయరాదని అంగీకరించిన తరువాత, దేశపు వాకిట జాతిని బట్టి మనుషులను ఏరుట కష్టమైనది. మన పిల్లలు నడచిన బాట ఇది.

అంతకుముందు ఆ వాకిలి మనకు ఎట్లుండెనో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం చెప్పుతుంది. 1917 చట్టం ఆసియావారి వలసను చాలవరకు ఆపినది. 1923లో భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీయుని వ్యాజ్యంలో, భారతీయులు పౌరసత్వానికి తగిన ‘తెల్లవారు’ కారని అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పినది. భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారు బోస్టనులో అడుగుపెట్టినది ఆ 1923లోనే. హార్వర్డులోను, తరువాత లెడర్లీ సంస్థలోను ఆయన చేసిన పరిశోధనలు లోకానికి మేలు చేసినవి. అయినను 1946 వరకు ఆయన పౌరసత్వం కోరుకొనుటకే చట్టం చోటివ్వలేదు. ఆ ఏడాది వచ్చిన చట్టం కూడ భారతీయులకు ఏటా 100 మందికి మాత్రమే ప్రవేశమిచ్చినది. 1948లో ఆయన కన్నుమూసినారు.

1965 తరువాత పోయిన మన వైద్యులు, ఇంజనీర్లు ఒంటరి అపార్టుమెంటులలో దిగినారు. పండుగ వచ్చినప్పుడు పోవుటకు గుడి లేదు. ఆ దేశపు పద్ధతినే పట్టుకొన్నారు. చందాలు, కార్యవర్గం, సభ్యత్వం. 1977లో పిట్స్‌బర్గులో వెంకటేశ్వరస్వామికి, న్యూయార్కులోని ఫ్లషింగులో వినాయకునికి ఆలయాలు వెలసినవి. ఫ్లషింగులో గుడి కట్టిన స్థలంలో అంతకుముందు రష్యా క్రైస్తవుల చర్చి ఉండేది. ఆ 1977లోనే న్యూయార్కులో తెలుగువారి తొలి మహాసభ జరిగి, ఉత్తర అమెరికా తెలుగు సంఘానికి, అనగా ‘తానా’కు, పునాది పడినది. తిథి ఏ దినాన వచ్చినను ఉగాది సభ శనివారమే. మన పెద్దలకు ఇది రుచించదు. ఆదివారపు చర్చికి అలవడిన దేశంలో, ఆఫీసుల సెలవును బట్టి బ్రతికేవారికి ఇంకేమి గతి? సిలికానాంధ్రవారి ‘మనబడి’ 2007నుండి అక్కడి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నది.

అయితే మన వెంట మన చరిత్ర కూడ ఓడ ఎక్కినది. బానిసత్వం విషయమై 1845లో బాప్టిస్టు సంఘం ఉత్తరదక్షిణాలుగా చీలినట్లే, మన సంఘాలును ప్రాంతమని, కులమని చీలినవి. గుడి కట్టుటలో అమెరికా పద్ధతి నేర్చినవారము, సభ్యులను చేర్చుకొనుటలో మన ఊరి అరుగునే గుర్తుంచుకొన్నాము. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధిస్తూ శాసనం చేసినది. ఇది తమకు అవమానమని అక్కడి మనవారిలో కొందరన్నారు. ఇన్నాళ్లకు మొర విన్నారని కొందరన్నారు. మాంట్‌గోమరీ జనం తెరిపించిన తలుపుగుండా పోయినవారికి ఈ రెండవ మాట వినుట ఎక్కువ ఉచితమని నా అభిప్రాయం.

ఆ తలుపు నేడు పూర్తిగా తెరచి లేదు. 1990 చట్టం ప్రకారం శాశ్వతనివాసపు కార్డులలో ఏ ఒక్క దేశానికిని ఏటా 7 శాతానికి మించి సాధారణంగా దక్కవు. భారతీయుల వరుస దశాబ్దాలకు సాగినది. చిలుకూరు బాలాజీ సన్నిధిలో 11 ప్రదక్షిణలు చేసి వీసా సంపాదించిన తండ్రి, కార్డు రాక ముందే తన బిడ్డకు 21 ఏండ్లు నిండుట చూస్తాడు. అప్పుడు ఆ బిడ్డ తండ్రిని ఆశ్రయించి ఉండే హక్కు పోగొట్టుకొంటుంది. వేరే వీసా దొరకకున్న దేశం విడువవలెను. ఆమె చిన్ననాడు అక్కడి బడిలో మేఫ్లవర్ ఓడను గూర్చి పాఠం చదివినదే. ఇట్టి పిల్లలు కొందరు ఇటీవల తమలో తాము సంఘంగా కూడి, వాషింగ్టనుకు పోయి, శాసనకర్తల గదుల తలుపులు తట్టుచున్నారు.