విచారించుట: దుఃఖమా, దర్యాప్తా?

హైదరాబాదు హిమాయత్‌నగర్‌లో మా తండ్రిగారు గతించినప్పుడు స్వగ్రామమునుండి ఒక జాబు వచ్చినది: “మీ తండ్రిగారి మరణమునుగూర్చి మేమందఱము విచారించితిమి.” చదివి వినిపింపఁగానే మా తల్లిగారు కలవరపడి, “విచారింపవలసినదేమున్నది? ఎవరికేమి అనుమానము కలిగినది?” అనిరి. ఊరివారి దుఃఖము ఆమెకు దర్యాప్తుగా తోఁచినది.

సంస్కృతమున విచారమనఁగా ఆలోచన, పరిశీలన. తెలుఁగున దానికి దుఃఖమను అర్థమును కలిగినది. నాంపల్లి కోర్టులలో జరుగు ‘విచారణ’యు, మన మనసులోని ‘విచారము’ను ఒక్క మూలమునుండి పుట్టినవే.

కావున విభక్తిని గమనింపవలెను. ‘మరణమును విచారించిరి’ అనిన దర్యాప్తు. ‘మరణమునకు విచారించితిమి’ అనిన దుఃఖము. ‘మరణమునుగూర్చి’ అనినచో రెండును పొసఁగును, చిక్కంతయు నిచ్చటనే.

‘శోకించు’, ‘వగచు’ అను క్రియలకు ఈ సందేహము లేదు. ‘ఆయనకై శోకించితిమి’, ‘ఆయన మృతికి వగచితిమి’ అని వ్రాయవచ్చును. ఈ క్రియలకు కర్త దుఃఖించువాఁడే. ‘ఆయన మరణము శోకించినది’ అనరాదు.

మా తల్లిగారికి ఆ జాబును మరల చదివి, అర్థము చెప్పితిని. అప్పుడామె కన్నీరు పెట్టుకొని, “అందఱును తలఁచుకొనిరా!” అనిరి. ఆ యోదార్పు ఆమెకు మొదటి పఠనముననే అందవలసినది.