చెదరిన అక్షరములు

జడ్చర్ల నుండి ఒక శ్రోత మాకు లేఖ వ్రాసినారు. తమ తండ్రిగారి భూమి వివరములను ఇంటి కంప్యూటరులో తెరచి చూడగా, "లక్ష్మయ్య" అను పేరు ముక్కలై కనబడినదట. వత్తులు అడుగునకు దిగక, పొల్లులతో పక్కపక్కన నిలిచినవట. అదే పుట పొరుగింటి కుర్రవాని సెల్‌ఫోనులో చక్కగనే యున్నదట. "మా నాయనగారి పేరు ఎవరైన మార్చినారా?" అని వారి ప్రశ్న. పట్టా కాగితములో ఒక్క అక్షరము మారిన ఎన్ని కచేరీల మెట్లు ఎక్కవలసి యుండునో పాలమూరు రైతులకు మేము చెప్పనక్కర లేదు. కావున ఈ సంగతిని కొంత వివరముగా ముచ్చటింతుము.

కంప్యూటరు అక్షరముల రూపములను దాచుకొనదు. వాని సంఖ్యలను దాచుకొనును. యూనికోడ్ అను ప్రపంచ ప్రమాణములో 1991 నుండి తెలుగునకు చోటు కలదు. "లక్ష్మయ్య"లో మన కంటికి మూడే అక్షరములు. యంత్రమునకు తొమ్మిది సంఖ్యలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, య, పొల్లు, య. వీనిని కూర్చి, వత్తులను అడుగున చేర్చి చూపుట బ్రౌజరు పని. ఆ పని చేయు సాధనము అన్ని బ్రౌజరులకు ఒకటి కాదు. విండోస్ ఎక్స్‌పీ కాలములో సంక్లిష్ట లిపుల సదుపాయమును విడిగా చేర్చుకొన్నగాని తెలుగు సరిగా కుదురుకొనెడిది కాదు. పాత యంత్రములలో ఈ బాధ నేటికిని కద్దు.

రోగము ఏదియో లక్షణమును బట్టి తెలియును. అక్షరములకు మారుగా ఖాళీ గళ్లు కనబడినచో తెలుగు ఫాంటు లేదన్నమాట. తలపై గీతలు గల ఆంగ్లాక్షరములు బారులు తీరినచో, ఒక్కొక్క తెలుగు అక్షరమునకు చెందిన మూడు బైట్లను బ్రౌజరు మూడు వేర్వేరు అక్షరములుగా చదివినదన్నమాట. ఇది పుటను తయారు చేసినవారు సరిదిద్దవలసిన లోపము. వత్తులు విడిపోయినచో, లేక చుక్కల వలయముతో కనబడినచో, ఎక్కువగా కూర్పులోని దోషమే. బ్రౌజరును కొత్తది చేసికొనిన చాలవరకు తీరును. ముందుగా అదే పుటను వేరొక బ్రౌజరులో తెరచి చూడుడు. అక్కడ బాగున్నచో మొదటిదానియందే లోపము.

మన రెండు జిల్లాల పేర్లే ఇందుకు మంచి పరీక్ష. "నల్గొండ"లో గకారము లకారము క్రిందికి దిగవలెను. "మహబూబ్‌నగర్"లో నకారము బకారము క్రిందికి దిగరాదు. దానిని ఆపుటకై ఆ రెంటి నడుమ కంటికి కనబడని చిహ్నమొకటి ఉంచుదురు. అది జారిపోయినచో "మహబూబ్నగర్" అని వత్తు పడును. అప్పుడు దోషము బ్రౌజరుది కాదు, వ్రాతదే. ఈ అదృశ్య చిహ్నము సామాన్యమైనది కాదు సుమా! 2018 ఫిబ్రవరిలో "జ్ఞ" తరువాత ఇది, దాని వెంట దీర్ఘము వచ్చిన కూర్పు ఎదురుపడగా ఐఫోనులలో సందేశముల యాప్‌లు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేసినది.

శ్రోతగారి విషయములో వ్రాత చెడలేదనుటకు పొరుగింటి ఫోనే సాక్ష్యము. ఇంకను సందేహమున్నచో, చెదరిన పేరును నకలు చేసి ఫోనునకు సందేశముగా పంపి చూడవచ్చును. సంఖ్యలు సరిగానున్నచో అక్కడ పేరు అతుకుకొనును. యూనికోడ్ రాక పూర్వము సొంత ఫాంటులతో తయారైన పాత పుటలకు మాత్రము ఈ పరీక్ష పనికిరాదు. అచట దాగియున్నవి ఆంగ్లాక్షరముల సంఖ్యలే.

మేము భయపడునది మరియొకటి. తెర మీద చెదరి కనబడినదని, అక్షరము తప్పనుకొని, పేరును మరల టైపు చేసి "సవరింపు"మని దరఖాస్తు పెట్టుకొనువారు కలరు. ఆ తొందరలో లేని తప్పు నిజముగనే పుట్టును. చెదరిన రూపమును ముద్రింపకుడు. కాగితము మీద పడిన పిదప అది చూపులోని లోపమా వ్రాతలోని లోపమా అని ఏ గుమాస్తాయు విచారింపడు. పేరు సరిగా కనబడు యంత్రము నుండియే నకలు తీయించుకొనుడు.