పెద్దవయసున పలువరుస సవరణ

నవ్వు వచ్చినప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనువారు మన యిరుగుపొరుగున నుందురు. పండ్లు ఎత్తుగానో, వంకరగానో, ఒకదానిపై నొకటి ఎక్కియో ఉండుట దీనికి కారణము. "చిన్ననాడే కట్టించుకొనవలసినది, ఇప్పుడేమి లాభము?" అని వారు నిట్టూర్చెదరు. ఈ మాట ఎంతవరకు నిజము? నేడు వాడుకలోనికి వచ్చిన పారదర్శకపు తొడుగులు, అనగా అలైనర్లు, పెద్దవారికి ఎంతవరకు ఉపకరించును? ఈ సంగతులను ముచ్చటింపదలచితిమి.

పన్ను గోడలోని మేకువలె ఎముకలో బిగిసియుండదు. వేరునకును ఎముకకును నడుమ సన్నని నారపొర యొకటి కలదు. పంటిని ఒక ప్రక్కకు మెల్లగా, విడువక నొక్కినచో, నొక్కుడు పడిన వైపున ఎముకను కరిగించు కణములును, వెనుకవైపున కొత్త ఎముకను కట్టు కణములును పనికి పూనుకొనును. ముందు దారి తీసి, వెనుక గోడ కట్టుకొనుచు పన్ను జరుగును. బాలునియందువలెనే ఏబదియేండ్ల వానియందును ఈ పని జరుగును. కొంత నెమ్మదిగా జరుగవచ్చును, అంతియే. అయితే పెద్దవారికి దవడల పెరుగుదల ముగిసియుండును. కావున దవడల పొందికలోనే పెద్ద లోపమున్నచో శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

పండ్లకు లోహపు క్లిప్పులు, తీగలు కట్టుట మనమెరిగినదే. 1945లో హెరాల్డ్ కెస్లింగ్ అను అమెరికా దంతవైద్యుడు, చికిత్స చివర పండ్లను కుదురుపరచుటకు రబ్బరుతో ఒక సాధనమును చేసెను. 1997లో కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులైన జియా చిష్తీ, కెల్సీ వర్త్ అనువారు అలైన్ టెక్నాలజీ అను సంస్థను నెలకొల్పిరి. చిష్తీ పెద్దవయసుననే తీగలు కట్టించుకొన్నవాడు. పిమ్మట ధరింపవలసిన తొడుగును మానినప్పుడు పండ్లు మరలి జరుగుటయు, తిరిగి ధరింపగా స్థానమునకు వచ్చుటయు ఆయన గమనించెను. ఒక తొడుగు ఇంత చేయగలిగినప్పుడు, వరుసగా అనేక తొడుగులతో పలువరుసనంతను ఏల సవరింపరాదు? ఈ ఆలోచననుండి పుట్టిన ఇన్విజలైన్ తొడుగులకు 1998లో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించెను.

వైద్యుడు మొదట నోటిని పరీక్షించి, ఎక్స్‌రే తీయించి, పండ్ల రూపమును యంత్రముతో గ్రహించును. కంప్యూటరులో నేటి వరుసనుండి కోరిన వరుసవరకు మెట్లు నిర్ణయింపబడును. ఒక్కొక్క మెట్టున పన్ను జరుగునది సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే. మెట్టుకొక తొడుగు చొప్పున తయారగును. వారము, రెండువారముల కొకటి మార్చవలెను. పట్టుకొరకు కొన్ని పండ్లపై పంటిరంగు గల చిన్న బొడిపెలు అతికింతురు. చోటు చాలనిచో పండ్ల సందులను రవంత అరగదీయుటయు కలదు.

రోజునకు 20 మొదలు 22 గంటలు తొడుగు నోటనే యుండవలెను. భోజనమునకు, కాఫీకి తీసి, పండ్లు తోముకొని మరల ధరింపవలెను. తొడుగుతోనే తీపి పానీయములు త్రాగినచో ఆ చక్కెర పండ్లను అంటిపెట్టుకొని పిప్పికి దారి తీయును. వేడినీట కడిగినచో దాని ఆకారము చెడును. విందులో కాగితమున చుట్టి విస్తరి ప్రక్కన పెట్టినది విస్తరితోపాటే పోవచ్చును; చిన్న డబ్బీ యొకటి వెంట నుంచుకొనుట మేలు. తీగలు ఎల్లవేళల పనిచేయును. తొడుగు పెట్టుకొన్నంతసేపే పనిచేయును. గుండ్రని పండ్లను ఎక్కువగా త్రిప్పుట వంటి కష్టమైన పనులకు నేటికిని తీగలే మేలు కావచ్చును.

చిగుళ్ళవ్యాధి పెద్దవారిలో సామాన్యము. మధుమేహము అదుపులో లేనివారి కది మరింత హెచ్చు. ఎముక తరిగిన పంటిని చిగుళ్ళు బాగుపడక మునుపే కదల్చినచో, వంకర తీరుటకు మారుగా పన్నే ఊడిపోవచ్చును. కావున వైద్యుడు నోరు చూడకుండ తపాలాలో తెప్పించుకొను తొడుగులు క్షేమము కావు. అట్లు అమ్మిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ అను అమెరికా సంస్థ 2023 డిసెంబరులో మూతపడగా, చికిత్స నడుమనున్నవారు దిక్కుతోచక నిలిచిరి.

కడపటి మాట యొకటి. వరుస కుదిరిన నాడే పని ముగిసినదనుకొనరాదు. పండ్లకు పాతచోటికి మరలు స్వభావము కలదు. వైద్యుడు చెప్పిన రీతిని రాత్రులందు రిటైనరును ఏండ్ల తరబడి ధరింపవలెను. ఈ ఓపిక తమకు కలదో లేదో ముందుగా తమ్ము తాము ప్రశ్నించుకొని, ఆపై దంతవైద్యుని దర్శించి, "నా చిగుళ్ళు ఇందుకు తగినవేనా?" అని మొట్టమొదట అడుగుడని మా మనవి. ఖర్చు సంగతి తరువాత మాట్లాడుకొనవచ్చును.